నెల కాని నెలలో పీరు

సౌదీ వెళ్లొచ్చానంటే మా పెద్దాపురంలో అందరూ అడిగింది ఒకటే, బంగారం ఎంత తెచ్చావని. తేలేదంటే రెండో ప్రశ్న, ఎండకు ఎలా తట్టుకున్నావని. జనవరిలో రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నానంటే నమ్మినవాళ్లు లేరు. మ్యూజియం చూడటానికి కారులో ఎడారి దాటి బురైదా దాకా పోయానంటే, "మ్యూజియమా? అక్కడా?" అని నవ్వారు. ఏం చూశావని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా ఒక్క ముక్కలో చెప్పలేను. చూసినదేమిటో నాకే ఇంకా సరిగ్గా తేలలేదు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో చరిత్ర పాఠం చెప్పినదాన్ని, ఈ మాట రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

ఖోబర్

మా చెల్లెలు సుశీల ఇరవై ఏళ్లుగా అల్ ఖోబర్‌లో ఉంటోంది. మా మరిది అక్కడ ఇంజనీరు. సముద్రం ఒడ్డున ఊరు, ఇంటి కింద దుకాణంలో కరివేపాకు, గోంగూర, మునక్కాడలు అన్నీ దొరుకుతాయి. రియాద్ దగ్గరి ఖర్జ్ డెయిరీల నుంచి వచ్చే పాలతో తోడుపెట్టిన పెరుగు మన గేదె పెరుగు కంటే గట్టిగా ఉంటుందని సుశీల వాదన. నేను ఒప్పుకోలేదు కానీ, రోజూ రెండు గిన్నెలు తిన్నాను.

సుశీల నాకు చెప్పిన మొదటి మాట, "అక్కా, ఇక్కడ మనం పనిమీద వచ్చినవాళ్లం. తలొంచుకుని వచ్చామా, తలొంచుకుని పోయామా, అంతే. ఎవరి విషయంలోనూ వేలు పెట్టకు." నా సంగతి దానికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

బురైదా సంగతి మా మరిది ఆఫీసులో ఎవరో చెప్పారట. ఊరి బయట ఖర్జూరం తోటలో ఒక రిటైర్డ్ మాస్టారున్నాడు, అయిదారు వందల ఏళ్ల కిందటి మసీదు వస్తువులూ, రాతప్రతులూ పోగేసి తాతలనాటి మట్టి ఇంట్లో పెట్టాడు, ఫోన్ చేసి వెళితే తనే దగ్గరుండి చూపిస్తాడు అని. మాస్టారన్న మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మరిదికి సెలవు దొరకలేదు. నన్నూ సుశీలనూ తీసుకెళ్లడానికి తెలిసిన డ్రైవరు ఖాదర్ బాషాను పిలిచాడు. బాషాది రాయచోటి, పన్నెండేళ్లుగా సౌదీ రోడ్లమీదే ఉన్నాడు. అరబిక్ వాళ్లలాగే మాట్లాడతాడు.

రియాద్ దాటాక

విదేశీ ఆడవాళ్లు ఇప్పుడు బురఖా లాంటి ఆ నల్ల అబాయా వేసుకోవాలన్న పట్టింపేమీ లేదట. అయినా బురైదా కాస్త పాతకాలపు ఊరని సుశీల తనది ఒకటి నాకు తొడిగింది. అది నాకు జానెడు పొడవెక్కువ. రియాద్ దాటి అరగంట అయ్యాక బాషా అద్దంలోంచి చూసి నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మా, మీ గౌను కొస డోరులో ఇరుక్కుని బయట ఎగురుతాండాది. ఇందాకట్నుంచి వెనక బండ్లోళ్లు లైట్లు కొడతాండారు."

దిగి చూసుకుంటే అంచంతా దుమ్ముకొట్టుకుపోయి రంగు మారింది. సుశీల నవ్వు ఆపుకోలేక కారు చుట్టూ తిరిగింది. దేశం కాని దేశంలో ప్రయాణం మొదటి రోజే జెండా ఎగరేశానన్నమాట.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో ఆగాం. నేను మాంసం తిననని బాషా వివరంగా చెప్పాడు. వెయిటరు ఎంతో మర్యాదగా తలూపి వెళ్లి, కబ్సా అనే వాళ్ల పలావు పళ్లెం తెచ్చాడు. మాంసం తీసేశాడు, అంతే. అన్నంలో ముక్క ఉన్నచోట గుంట అలాగే ఉంది. ఆ కుర్రవాడి మొహంలో నాకు మేలు చేశానన్న సంతోషం చూసి ఏమీ అనలేకపోయాను. రెండు రియాళ్లకు పెద్ద గ్లాసు టీ ఇచ్చారు. దానితోనూ, సుశీల తెచ్చిన పులిహోరతోనూ కడుపు నింపుకున్నాను.

బురైదా సంత

మర్నాడు పొద్దున ఖర్జూరం సంతకు వెళ్లాం. పెద్ద సంత ఎండాకాలం చివర జరుగుతుందట, అయినా దుకాణాలు నిండుగానే ఉన్నాయి. మన ఊళ్లో మామిడిపండు నొక్కి చూస్తే దెబ్బలాటకొస్తారు. ఇక్కడ తినకుండా కొంటానంటే దెబ్బలాటకొచ్చారు. ముసలాయన ఒకడు సుక్కరీ రకం పండు నా చేతిలో పెట్టి, నేను నమిలి మింగేదాకా కదలనివ్వలేదు. మూడో దుకాణం దాటేసరికి నాకు మధ్యాహ్న భోజనం అక్కర్లేకపోయింది. క్లేజా అని బెల్లం, యాలకులు కూరిన గోధుమ రొట్టె బిళ్లలు పదిహేను రియాళ్లకు ఒక పెట్టె కొన్నాను. అచ్చు మా అమ్మమ్మ పోళీలు ఎండిపోతే వచ్చే రుచి.

తోటలో మట్టి ఇల్లు

ఊరికి పావుగంట దూరంలో తోట. మేము దిగేసరికి లోపల ఎవరో గట్టిగా కేకలేస్తున్నారు. గోడ దగ్గర నలభై ఏళ్ల మనిషి తలొంచుకుని నిలబడ్డాడు. చేతిలో చీపురు, కాళ్లకు చెప్పుల్లేవు. తెల్లటి పొడుగు చొక్కా మీద ఊలు స్వెట్టరు వేసుకున్న పెద్దాయన మమ్మల్ని చూడగానే కేకలు ఆపేశాడు. ఆయనే మ్యూజియం యజమాని. అందరూ అబూ సాలెహ్ అంటారు. కోపంతో ఇంకా ఎర్రగా ఉన్న మొహంతోనే మాకు ఆహ్వానం పలికి, కాఫీ, ఖర్జూరం పెట్టించాడు. మన ఇళ్లలో అయితే ఇలాంటప్పుడు "ఇంకోసారి రండి" అనేవాళ్లం.

గుమ్మం దగ్గర నేను చెప్పులు విప్పబోతే, ఇది మసీదు కాదు, వేసుకునే రండి అన్నాడు. లోపల చల్లగా ఉంది. నాలుగు చిన్న గదులు, ఖర్జూరపు మొద్దుల పైకప్పు. తోలు మీద రాసిన ఖురాను పుటలు, ఇత్తడి ధూపపాత్రలు, చెక్కడం పనిచేసిన వ్యాసపీటలు. అక్కడినుంచే నా గందరగోళం మొదలైంది. మన మ్యూజియాల్లో విగ్రహం ముఖమో, చేతిలో ఆయుధమో చూసి ఇది ఫలానా అని చెప్పేస్తాను. ఇక్కడ ముఖమన్నదే లేదు. అంతా అక్షరాలే. ఒక పుట ముందు రెండు నిమిషాలు భక్తిగా నిలబడ్డాక, నేను చూస్తున్నది పుట వెనక వైపని బాషా చెప్పాడు.

మసీదులో వేలాడదీసే గాజు దీపం ఒకటుంది, నీలం రంగు అంచుతో చాలా అందంగా. అది ఇటలీలో, వెనిస్‌లో చేయించినదట.

"అయితే మసీదు దీపం క్రైస్తవులు చేశారా?" అన్నాను.

అబూ సాలెహ్ చెప్పింది విని బాషా నవ్వాడు. "వెలుగు ఎవరిదని అడగరంటమ్మా, పగలకుండా వచ్చిందా అని అడుగుతారంట."

ముప్పై ఏళ్లు మధ్యయుగాల పాఠం చెప్పాను. వెనిస్ వర్తకులు, తుర్కులు, యుద్ధాలు, తేదీలు. వీళ్లు వాళ్లకు దీపాలు చేసి పెట్టారని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నాకే తెలియదు మరి.

మూలనున్న మూట

చివరి గదిలో మూలకు తీసుకెళ్లాక ఆయన మొహం మళ్లీ ఎర్రబడింది. అక్కడ గోడకు ఆనించి మనిషెత్తు కర్ర ఒకటి ఉంది. దాని పైభాగమంతా గళ్ల గుడ్డతో మూటకట్టి, తాడుతో అడ్డదిడ్డంగా ముడేసి ఉంది. ఆయన విసురుగా ముడి విప్పాడు. లోపల ఆకు ఆకారంలో వెడల్పాటి ఇత్తడి ఫలకం, మధ్యలో కత్తిరించిన అక్షరాలు, రెండు పక్కలా నోరు తెరిచిన పాముల్లాంటి తలలు. గోడమీద చీటీలో "తుర్కుల యుద్ధ ధ్వజం" అని రాసుందని బాషా చదివాడు. నేనూ అవునన్నట్టు తలూపాను. పాఠం చెప్పే అలవాటు మరి.

విషయం ఇది. ఈ నెలలో మూడుసార్లు ఆయన పొద్దున్నే వచ్చి చూస్తే ధ్వజం ఇలా మూటకట్టి ఉంది. లోపలికి వచ్చేది తనూ, ఊడ్చే గంగారామూ మాత్రమే. గంగారాం అంటే ఆ గోడ దగ్గర నిలబడ్డ మనిషి. తోట పనికి రెండేళ్ల కిందట వచ్చాడు. ఎత్తుకుపోవడానికి సిద్ధం చేసుకుంటున్నాడని ఆయన అనుమానం. ఎందుకు కట్టావంటే మాట్లాడడు. ఆయనే వాడి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని. రేపు ఖురూజ్ కాగితం పెట్టి శాశ్వతంగా ఇంటికి పంపేస్తానన్నాడు. ఇంతలో మేము తెలుగువాళ్లమని తెలిసి అడిగాడు.

"వాడిది మీ భాషేనట. వెళ్లేలోపు ఒక్క నిజం చెప్పమనండి."

సుశీల నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, మనకెందుకే ఈ గోల?"

అప్పటికే నేను వాకిట్లోకి దిగిపోయాను.

గంగారాం చెప్పినది

తెలుగు వినబడగానే ఆ మనిషికి కళ్లలో నీళ్లు తిరిగాయి. జగిత్యాల దగ్గర ఊరట.

"నేను దొంగను గాదమ్మా. గది యుద్ధం జెండా గాదు, పీరు. మా ఊళ్లె పీర్ల కొట్టంల గసొంటియే ఉంటయి. పండుగ పది దినాలు అయినంక మొఖం గడిగి, బట్టల సుట్టి, పెట్టెల పండవెడ్తరు. మల్ల మొహర్రం నెల వొచ్చెదాక ఎవ్వలు ముట్టరు. సుట్టేది మా ఇంటోళ్లే. మా తాత కాడికెళ్లి మాదే పని. ఈడికొచ్చి సూత్తె నెల గాని నెలల, బట్ట లేకుంట నిలవెట్టిండ్రు. రోజు అండ్లకు వోయి ఊడ్వాలె. రెండేండ్లు మొఖం దిప్పుకోని ఊడ్సిన. ఇగ నాతోని గాలె."

పీర్ల పండగ మా వైపూ ఉంది. చిన్నప్పుడు అరుగుమీద నుంచి చూశాను, డప్పులు, నిప్పుల గుండం, రంగురంగుల గుడ్డలు కట్టిన పీర్లు ఊరేగడం. ఆ గుడ్డల కింద ఏముంటుందో, పండగయ్యాక అవి ఎక్కడికి పోతాయో ఒక్కసారి కూడా అనుకోలేదు. గుడ్డ లేని పీరును ఎదురుగా చూసి తుర్కుల జెండా అని తలూపాను.

"మరి ఈ మాట ఆయనకు చెప్పొచ్చు కదయ్యా?"

"ఎట్ల జెప్పాలె? నాకు నీళ్లు, పార, రా, పో, గంతే ఒచ్చు ఆళ్ల మాట. మొక్కుతున్నడు అనుకుంటె జైల్ల ఏత్తరని మావోళ్లు బెదిరిచ్చిండ్రు. దొంగ అంటె ఇంటికి వంపుతరు, గంతే. గని అమ్మా, దొంగ అన్న పేరు మోసుకోని వోతె, ఊళ్లె మా ఇంటోళ్ల చేతికి మల్ల పీరునిస్తరా?"

ఉద్యోగం పోతుందన్న భయం అనుకున్నాను. అతని భయం అది కాదు. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. నిజం చెబితే దొంగ పేరు పోతుంది, దాని బదులు ఏ పేరొస్తుందో తెలియదు. చెప్పకపోతే అతను ఇంటికి చేరతాడు, దొంగగా. ఏది నయం? ఇరవై ఏళ్లుగా ఉన్న సుశీలను అడిగాను. "నాకూ తెలియదక్కా," అంది, మొదటిసారి నన్ను ఆపకుండా.

బాషా వైపు తిరిగాను. అతను కారు తాళాలు చేతిలో తిప్పుతూ నేల చూస్తున్నాడు.

"ఇది నా నోటితో చెప్పలేనుమ్మా. మా అబ్బ కాలంలో మా ఇంట్లోనూ పీర్లు ఎత్తేవాళ్లు. తప్పని పెద్దలు చెప్పినారు, మానుకున్నాం. ఇప్పుడు ఈయప్ప ముందర దాని గురించి నోరు తెరిస్తే, నువ్వూ అట్లాంటోడివేనా అంటాడు. అట్లని అబద్ధమూ చెప్పను."

అతని మీద కోపం వచ్చింది. కాసేపటికి తగ్గింది. అతనూ ఆ దేశంలో బతకాల్సినవాడే. చివరికి నాకు నా బడి గుర్తొచ్చింది. నోరు పెగలని పిల్లవాణ్ని ప్రశ్నలడిగి లాభం లేదు, బోర్డు దగ్గరికి పిలవాలి.

"బాషా, నువ్వు సంజాయిషీ ఏమీ చెప్పొద్దు. ఎలా చుట్టాడో మీ ఎదురుగా చుట్టి చూపిస్తాడట, చూడండి అని మాత్రం చెప్పు. అది అబద్ధం కాదుగా?"

బాషా ఆ మాట చెప్పాడు. అబూ సాలెహ్ నన్ను వింతగా చూశాడు. సరే అన్నాడు.

ఇద్దరు చేసే పని

గంగారాం పంపు దగ్గర చేతులు, కాళ్లు, మొహం కడుక్కుని లోపలికి వచ్చాడు. గళ్ల గుడ్డను దులిపి నాలుగు మడతలు చేశాడు. కర్రను మూలలోంచి గది మధ్యకు తెచ్చి నిలబెట్టి, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గుడ్డ చుట్టబోయాడు. ఇత్తడి బరువుకు కర్ర పక్కకు ఒరుగుతోంది. గుడ్డ జారుతోంది. రెండుసార్లు అలాగే అయింది. అప్పుడు బాషా వైపు చూశాడు.

"భాయ్, జర వట్టుకో. మా ఊళ్లె గూడ ఒకలు వడ్తరు, ఒకలు సుడ్తరు. పట్టేది సాయబులే."

బాషా కదల్లేదు. మొహం తెల్లబోయింది. నేను పట్టుకుందామని అడుగు వేశాను కానీ, ఆడవాళ్లు ముట్టొచ్చో లేదో తెలియక ఆగిపోయాను. ఆ తికమకలో మేమంతా ఉండగానే కర్ర ఒక్కసారిగా ఒరిగింది. అబూ సాలెహ్ గబుక్కున ముందుకొచ్చి రెండు చేతులా పట్టుకున్నాడు.

తన వస్తువు కిందపడుతుంటే ఎవరైనా పట్టుకుంటారు. కానీ ఆయన వదల్లేదు. గంగారాం చుట్టడం మొదలుపెట్టాడు. కింద నుంచి పైకి, ఎక్కడా ముడత లేకుండా, పాముల తలల దగ్గర గుడ్డను చిన్న మడత పెట్టి.

"ఇంక జర మీదికి లేపు బాబా," అన్నాడు, తెలుగులోనే.

ఆ పెద్దాయన లేపాడు. ఎవరూ తర్జుమా చెయ్యలేదు.

పీరును చాప మీద ముఖం పైకి వచ్చేలా ఇద్దరూ కలిసి పడుకోబెట్టారు. అబూ సాలెహ్ ఆ నున్నటి చుట్టు మీద వేలితో రాసి చూసి, ఏదో అడిగాడు. బాషా మాకు చెప్పాడు.

"ఇంత బాగా చుట్టడం తెలిసినోడు ముందెందుకు దొంగమూట మాదిరి కట్టినాడంటాడు."

"ఒక్కనితోని గాదన్నా. ఇద్దరు గావాలె," అన్నాడు గంగారాం.

బాషా అది అరబిక్‌లో చెప్పాడు. అసలు ఎందుకు చుట్టాలి, అని పెద్దాయన అడిగినట్టున్నాడు. ఈసారి బాషా చాలాసేపు మాట్లాడాడు, నేల చూడకుండా ఆయన మొహం చూసే మాట్లాడాడు. మధ్యలో ఒకసారి తన గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏం చెప్పావు బాషా?" అన్నాను, ఉండబట్టలేక.

"ఉండేది ఉన్నట్టే చెప్పినానమ్మా. మా అబ్బ సంగతి కూడా చెప్పినా."

సుశీల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అబూ సాలెహ్ వెనిస్ దీపం ఉన్న గది దాకా నడిచి, తిరిగి వచ్చాడు. గోడమీద చీటీ పీకి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత బాషాతో నాలుగైదు మాటలన్నాడు, కోపంగానే వినిపించింది నాకు.

బాషా గంగారాం వైపు తిరిగాడు.

"రేపు నిన్ను పంపించే కాగితం పెట్టనన్నాడు. నువ్వు నమ్మేది ఆయన నమ్మడంట, ఈ ఇంట్లో మొక్కడాలు ఉండకూడదంట. కానీ నువ్వు దొంగవని అన్నందుకు తప్పైందన్నాడు. మళ్లీ ఎప్పుడైనా దీన్ని చుట్టాలంటే చాటుగా చెయ్యొద్దు, ఆయన్ను పిలవమన్నాడు. కర్ర పట్టుకుంటాడంట."

నమ్మడు, కానీ పట్టుకుంటాడు. ఆ రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతాయో ఆ గదిలో నాకు అర్థం కాలేదు, పెద్దాపురం వచ్చాకా కాలేదు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది, అది మాత్రం నిజం.

గంగారాం చాప పక్కన కూర్చుండిపోయాడు. కాసేపటికి తలెత్తి, "భాయ్," అన్నాడు బాషాతో, "తప్పైందన్న ముచ్చట ఇంకొక్కసారి జెప్పు."

బాషా మళ్లీ చెప్పాడు.